సాజిదా సిస్టరు నిద్ర పుస్తకం

సాజిదాకు నిద్ర అంటే ఎందుకంత పట్టుదలో తెలియాలంటే ముందు వాళ్ల నాన్న ఉద్యోగం గురించి చెప్పాలి. రహమతుల్లా గారు విజయవాడ రైల్వేలో కాల్‌మన్. ఇంజను డ్రైవర్ల ఇళ్లకు సైకిలు మీద వెళ్లి తలుపు కొట్టి, ఫలానా బండికి ఫలానా టైముకు డ్యూటీ అని చెప్పి, రిజిస్టరులో సంతకం పెట్టించుకురావడం ఆయన పని. ముప్పయ్యేళ్లు ఊళ్లోవాళ్ల నిద్ర చెడగొట్టి పెన్షను పుచ్చుకున్న మనిషి. అయితే ఆయన ఒక్క విషయంలో మొండి. డ్యూటీ దిగివచ్చిన డ్రైవరుకు రెస్టు గంటలు నిండకుండా తలుపు కొట్టేవారు కాదు. ఆఫీసు తొందరపెట్టి ముందే పంపితే వీధి చివర సైకిలు ఆపుకుని, టైము అయ్యేదాకా అక్కడే నిలబడేవారట.

"డ్రైవరుకి రెస్టు రూలుందక్కా. రైలు ఆగిపోయినా సరే రెస్టు రెస్టే. మరి మన పేషెంటుకి ఏదీ రూలు?" అనేది సాజిదా. పదేళ్లలో ఈ మాట నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. మొదట్లో నాకు చిరాకు వచ్చేది. తర్వాత తర్వాత, సమాధానం లేని ప్రశ్న వేసే మనిషి మీద వచ్చే కోపం వచ్చేది.

నా పేరు అమలమ్మ. రోజూ గన్నవరం నుంచి బస్సులో వచ్చి, సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేశాను. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు అక్కడ వేరే పేరుతో వేరే బిల్డింగు ఉంది. సాజిదా తొంభై మూడులో చేరింది. సన్నగా, పొట్టిగా ఉండేది, మాట మాత్రం ఖంగుమనేది. తొంభై ఎనిమిదిలో మాకు ఐ.సి.యు. పెట్టారు. ఎనిమిది మంచాలు, రెండు వెంటిలేటర్లు. ఊపిరి తీసుకోలేని మనిషికి గొంతులోకి గొట్టం వేసి, ఆ యంత్రంతో ఊపిరి పోయించడం. మా ఇద్దరినీ అక్కడే వేశారు, ఇద్దరికీ ఎప్పుడూ ఒకే షిఫ్టు. రెండువేల మూడు వచ్చేసరికి వెంటిలేటర్లు నాలుగయ్యాయి. అలారాలు కూడా అంతకంత అయ్యాయి.

ఐ.సి.యు.లో నిద్ర సంగతి బయటివాళ్లకు తెలియదు. లోపలున్న మాకూ తెలియదనే చెప్పాలి. ట్యూబులైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉండేవి. గంటకోసారి బీపీ, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, గొట్టంలో కఫం తీయడం, రక్తం తీయడం, తెల్లవారుజామున ఎక్స్‌రే. వీటన్నిటికీ మకుటంలా నాలుగు గంటలకు ఒళ్లు తుడవడం. పగటి షిఫ్టు వచ్చేసరికి పేషెంట్లు పౌడరు రాసుకుని శుభ్రంగా ఉండాలి, లేకపోతే డాక్టరుగారి రౌండులో మాకు చీవాట్లు. ఆ తుడిచేది నేనే. తడిగుడ్డ ఒంటికి తగలగానే ఉలిక్కిపడి లేచిన మనిషిని చూసి, 'హమ్మయ్య, స్పృహలోనే ఉన్నాడు' అనుకునేదాన్ని. చార్టులో నిద్ర అనే గడి ఉండేది. అందులో అందరం 'బాగా నిద్రపోయాడు' అని రాసేవాళ్లం. కళ్లు మూసుకుని ఉంటే చాలు.

సాజిదా మాత్రం ఆ గడి ఖాళీగా వదిలేసేది. "నిద్రపోయాడో లేదో నాకు తెలియదు. తెలియనిది ఎలా రాస్తాను?" అని వాదించేది. అందరం ఆమెను నిద్ర సిస్టరు అని ఏడిపించేవాళ్లం.

ఆ సంవత్సరం శ్రావణమాసంలో మల్లేశ్వరరావు గారు వచ్చారు. పామర్రు అవతల ఒక చేనేత ఊరు ఆయనది. యాభై ఆరేళ్లు. న్యుమోనియా ముదిరి, పెదాలు నల్లబడి, ఆటోలో ఒకరి ఒళ్లో పడుకుని వచ్చారు. నాలుగో మంచం ఇచ్చి, వెంటిలేటరు పెట్టారు. తొమ్మిదో రోజుకు జ్వరం దిగింది, రక్తం రిపోర్టులు కుదుటపడ్డాయి, ఎక్స్‌రే తేటపడింది. ఇక యంత్రం తీసేసి సొంత ఊపిరి మీద ఉంచి చూడాలి. చూశారు. పావుగంటకే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, మళ్లీ యంత్రం పెట్టాల్సి వచ్చింది. మర్నాడూ అంతే.

మా ఐ.సి.యు. డాక్టరు మాణిక్యం గారు ఆయన భార్య చౌడేశ్వరమ్మను పిలిచి చెప్పారు. "ఇంకో ఐదారు రోజులు చూస్తామమ్మా. అప్పటికీ రాకపోతే శుక్రవారం గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం అక్కడ పెట్టాలి."

"గొంతు కోస్తారా బాబూ?" అని ఆమె తన గొంతే పట్టుకుంది.

"కొయ్యటం కాదమ్మా, చిన్న ఆపరేషను. చాలామందికి చేస్తాం."

"మరి మాట వస్తదా?"

మాణిక్యం గారు వాచీ చూసుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఎనిమిది మంచాలకు ఒక్కడే డాక్టరు, ఇంటికి వెళ్లి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. కానీ ఆ మాటకు జవాబు చెప్పకుండా ఆయన వెళ్లిపోయాక, ఆమె వరండాలో బల్లమీద కూర్చుని చీర చెంగు మెలిపెడుతూ ఉండిపోయింది. ఆ చీర ఆయన నేసిందేనని తర్వాత తెలిసింది.

సాజిదాకు అనుమానం వచ్చింది అప్పుడే. "ఊపిరితిత్తులు బాగైతే ఊపిరి ఎందుకు నిలవదక్కా? ఒంట్లో సత్తువ లేదు. పది రోజులుగా ఈయన నిద్రపోయింది నేను చూడలేదు. మూడు డ్యూటీలు వరసగా చేసి దిగిన డ్రైవరుకి మళ్లీ ఇంజను అప్పజెబితే ఏమవుతుంది?"

"వెళ్లి మాణిక్యం గారితో చెప్పు," అన్నాను.

"ఊరికే చెబితే ఎవరు వింటారు? రాసి చూపిస్తా."

అలా మొదలైంది ఆ నోటుబుక్కు. వంద పేజీలది, అట్టమీద పూలగుత్తి బొమ్మ. శని, ఆది, సోమ మాకు నైటు డ్యూటీలు. ముందు ఆయన మంచం పైన ట్యూబులైటు తీయించడానికి ఎలక్ట్రీషియనుతో పోట్లాడింది. మేట్రన్ సంపూర్ణమ్మ గారు ఒప్పుకోకపోతే ఆమెతోనూ పోట్లాడింది. మొత్తానికి ఆ మూల చీకటి చేసింది. ఆ తర్వాత రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అరగంటకోసారి చిన్న టార్చి పట్టుకుని వెళ్లి, కళ్లమీద వేసి చూసి వచ్చి రాసేది. రెప్ప అదిరితే మెలకువ, అదరకపోతే నిద్ర. ఒక్క అరగంట కూడా తప్పలేదు. టీ తాగుతున్నా గ్లాసు పక్కనపెట్టి లేచేది. రహమతుల్లా గారి కూతురు కదా, టైము దగ్గర పట్టువిడుపు లేదు.

మంగళవారం ఉదయం రౌండులో ఆ పుస్తకం డాక్టరుగారి ముందు పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"మూడు రాత్రులు యాభై ఏడు సార్లు చూశాను సార్. నాలుగుసార్లే నిద్రలో ఉన్నాడు. ఈ మనిషికి నిద్ర లేదు సార్. అందుకే నిలవట్లేదు."

"మత్తు ఇస్తున్నాం కదమ్మా."

"మత్తు వేరు, నిద్ర వేరు కదండీ. ఆ మత్తు కూడా చాలక కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. ఒక్క రాత్రి, ఒక్క ఆరు గంటలు, పనులన్నీ ఒకేసారి చేసేసి వదిలేద్దాం సార్. అత్యవసరమైతే తప్ప ఎవరం ముట్టుకోవద్దు."

"రికార్డుల్లో ఆరు గంటలు బీపీ లేదంటే రేపు నన్ను అడుగుతారు, నిన్ను కాదు." ఆయన పుస్తకం పేజీలు తిప్పి నవ్వారు. "థీసిస్సు రాస్తున్నావా సాజిదా? ముందు ఆ చేతులు గట్టిగా కట్టండి, గొట్టం పీకేసుకుంటాడు."

చేతులు కట్టాం. నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరు మీదో, సాజిదా మీదో, కట్టు ముడివేస్తున్న నా చేతుల మీదో చెప్పలేను.

బుధవారం మాకు మధ్యాహ్నం షిఫ్టు. నాలుగింటికి పావుగంట సేపు చూడడానికి ఒక్కరిని వదిలేవాళ్లం. చౌడేశ్వరమ్మ చెప్పులు విప్పి, మేము ఇచ్చిన పచ్చగౌను తొడుక్కుని వచ్చింది. రోజూ వచ్చి మొహం వైపు చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లేది. ఆ రోజు ఆయన కాళ్ల దగ్గర దుప్పటి జారిపోయి ఉంది. సరిచేయడానికి వంగి, అలాగే ఆగిపోయింది. చాలాసేపు కాళ్లవైపే చూసింది.

"సిస్టరమ్మా, ఇటు రా," అని పిలిచింది. "ఎప్పట్నించి ఇట్టా ఆడిస్తన్నాడు కాళ్లు?"

"ముందునుంచీ అంతే. కట్టేద్దామనుకుంటున్నాం," అన్నాను నేను.

"కట్టమాకండి. అది విను, ఆ మిషను చప్పుడు విను. అది బుస్సుమన్నప్పుడు కుడికాలు. ఇంకోసారి బుస్సుమంటే ఎడంకాలు. కుడిచెయ్యి చూడు, ఏళ్లు ఎట్టా గుంజుతున్నాయో. గొట్టం గుంజటల్లేదమ్మా ఆయన. నాడె తాడు గుంజుతున్నాడు. మగ్గం నేస్తన్నాడు."

సాజిదా కాళ్లనీ యంత్రాన్నీ మార్చి మార్చి చూసింది. నేనూ చూశాను. అంతవరకు కొట్టుకోవడం అనుకున్నది ఒక్కసారిగా పనిలా కనిపించింది. తొక్కుడు చెక్కలు లేవు, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె లేదు. తక్కినదంతా ఉంది. రెండు వారాలుగా, నిమిషానికి పధ్నాలుగుసార్లు.

"మగ్గం చప్పుడు చెవిన పడుతుంటే ఈయనకి నిద్ర రాదమ్మా," అంది చౌడేశ్వరమ్మ. "పెళ్లయినకాడి నించి చూస్తన్నా. సగం చీర మగ్గం మీద ఉంటే కునుకు తియ్యడు. కోత అయ్యిందాకా అంతే. చీర పూర్తయ్యి మగ్గం మీంచి కోసిన పూట మాత్రం మా ఇంట్లో మగ్గం ముట్టుకోం. అన్నం తిని, ఆ మగ్గం పక్కనే చాప ఏసుకుని, ఈది దీపాలు ఎలిగిందాకా లేవడు."

"మరి చెప్పండి," అంది సాజిదా.

"ఏం చెప్పను?"

"చీర కోశామని చెప్పండి."

చౌడేశ్వరమ్మ మా ఇద్దరినీ చూసింది. ఎగతాళి చేస్తున్నామేమో అనుకున్నట్టుంది. తర్వాత ఆయన కట్టు చూసి, "ముందు చెయ్యి విప్పండి. చేతులు కట్టేస్తే దిగమంటే ఎట్టా దిగుతాడు?" అంది.

విప్పకూడదు. డాక్టరుగారు కట్టమన్నారు. సాజిదా నావైపు చూడకుండా విప్పింది. గొట్టానికి అందకుండా ఆ చేతిని చౌడేశ్వరమ్మ తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఆయన చెవి దగ్గర వంగింది.

"ఏమయ్యో. చీర కోసేశాం. అంచు బాగా వచ్చింది, పోగు ఎక్కడా జారలా. మడత కూడా పెట్టేశా. ఇక దిగు."

ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చెప్పింది. కుడికాలు ఆగింది. ఎడమకాలు ఇంకో రెండుసార్లు తొక్కి, అదీ ఆగింది. వేళ్లు ఆమె అరచేతిలో వదులయ్యాయి. యంత్రం మాత్రం తన పాటికి తాను బుస్సుమంటూనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

నాలుగుంబావు దాటింది. బయటికి పంపాల్సిన చౌడేశ్వరమ్మకు సాజిదా స్టూలు తెచ్చి వేసింది. పరదా లాగి, దానికి అవతల తాను నిలబడింది. ఆ మంచం అలారం గొంతు తగ్గించి, మానిటరు తెరను తనవైపు తిప్పుకుని, ఆ అంకెలను చూస్తూ నిలబడింది. ఇక అక్కడినుంచి తగువులే.

రక్తం కోసం ల్యాబు అతను వచ్చాడు. "ఎనిమిదింటికి రా," అంది. సంతకం పెట్టమన్నాడు, పెట్టింది. ఎక్స్‌రే బండి దొర్లుకుంటూ వచ్చింది. "ఉదయం తీశారుగా, ఇప్పుడు ఎందుకు?" అంటే, రాసి ఉందన్నాడు. రాసినవాళ్లను పిలుచుకు రమ్మంది. ఎక్స్‌రే అతను గొణుక్కుంటూ బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఆయాను కసిరింది. నేను అలవాటు కొద్దీ థర్మామీటరు పట్టుకుని వెళితే నామీదా ఒంటికాలి మీద లేచింది.

"జ్వరం ఉంటే గుండె వేగం చెబుతుంది అక్కా. వెళ్లు."

"కఫం చేరితే?"

"చప్పుడు వస్తుంది. వస్తే తీస్తాను. రాలేదు."

ఆరు గంటలకు మేట్రన్ వచ్చి పరదా పట్టుకుంది. సాజిదా ఆ పరదా రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ గుసగుసలతోనే తిట్టుకున్నారు. అంత నెమ్మదిగా అంత పెద్ద తగువు నేను ఎక్కడా చూడలేదు. చివరికి మేట్రన్ "రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి" అనేసి వెళ్లిపోయింది. ఆ నాలుగు గంటలూ సాజిదా తన నోటుబుక్కు తీయలేదు. తీయడానికి చేతులు ఖాళీగా ఉంటే కదా.

ఎనిమిది దాటాక ఆయన తనంతట తాను కళ్లు తెరిచారు. భార్యను గుర్తుపట్టారు.

గురువారం ఉదయం మాణిక్యం గారు యంత్రం తీసి చూశారు. పావుగంట నిలిచారు, గంట నిలిచారు, మధ్యాహ్నం దాకా నిలిచారు. శుక్రవారం గొంతు కోయాల్సిన సమయానికి గొంతులో గొట్టం తీసేశారు. కేసు షీటులో మాణిక్యం గారు 'యాంటీబయాటిక్ మార్చిన తర్వాత మెరుగుదల' అని రాశారు. అదే రోజు సాజిదాకు మెమో వచ్చింది. నాలుగు గంటల పరిశీలనలు నమోదు చేయలేదు, కట్లు విప్పింది, బయటి మనిషిని లోపల ఉంచింది, ఎందుకు చర్య తీసుకోకూడదో వారం రోజుల్లో తెలపాలి.

"తెలుపుతా," అంది సాజిదా పళ్లు కొరుకుతూ. "నా పుస్తకం జతచేసి తెలుపుతా. పేషెంటుతోనే చెప్పిస్తా. యాభై ఏడు సార్లు చూశాను నేను."

గొంతు కాస్త కుదురుకునేదాకా నాలుగు రోజులు ఆగింది. అప్పటికి ఆయనను జనరల్ వార్డుకు మార్చారు. ఇద్దరం వెళ్లాం. దిండు ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటున్నారు. సాజిదా మంచం అంచున కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"మల్లేశ్వరరావు గారూ, లోపల ఉన్నన్నాళ్లు మీకు నిద్ర పట్టిందాండీ?"

"నిద్రెక్కడమ్మా," అన్నారాయన. గొంతు ఇంకా బొంగురే. "మగ్గం మీదే ఉన్నాగా. ఎడతెగని చీర. పోగులు తెగటం, అతకటం, తెగటం, అతకటం. నా సర్వీసులో అన్ని పోగులు తెగలేదు."

"ఎందుకు తెగేవి?"

"ఎవరన్నా ముట్టుకుంటే తెగేది. చల్లగుడ్డ తగిలితే ఓ పదిపోగులు ఒక్కసారే పోయేయి." నేను కిటికీవైపు చూశాను. "అయినా అది పొద్దుటిపూట ఒక్కసారేలే. మధ్యలో ఓ మూడు రోజులు మాత్రం ఓ దీపం వచ్చేదమ్మా. చుట్టూ చీకటి చేశారు, హాయిగా ఉందిరా, ఇక కునుకు పడద్ది అనుకునేసరికి ఆ దీపం సరిగ్గా కళ్లమీద. అరగంటకోసారి, గడియారం కొట్టినట్టు. ఎవరో పాపం, పోగు తెగిందేమోనని దీపం పెట్టి చూసిపోతున్నారు అనుకున్నా. మంచివాళ్లే. కానీ ఆళ్లు చూసినప్పుడల్లా తెగేది."

సాజిదా పుస్తకం మూసింది. మళ్లీ తెరిచింది. మొదటి పేజీనుంచి వేలు పెట్టి ఒక్కొక్క గీతా చూసుకుంటూ వెళ్లింది. తొమ్మిది: మెలకువ. తొమ్మిదిన్నర: మెలకువ. పది: మెలకువ.

"ఆ దీపం నాదేనండీ," అంది.

ఆయన ఇడ్లీ ముక్క పట్టుకుని ఆగిపోయారు. "అవునా అమ్మా? పోగు కోసమే గదా చూసింది?"

"నిద్రపోతున్నారో లేదో చూశాను."

చౌడేశ్వరమ్మ గ్లాసులో నీళ్లు పోసి సాజిదా చేతికి ఇచ్చింది.

మెట్ల దగ్గర సాజిదా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఓదార్చడం నాకు చేతకాదు. "నువ్వు లేకపోతే గొంతు కోసేవాళ్లు. ఆ నాలుగు గంటలు ఎవరు కాపలా కాశారు?" అన్నాను.

"మూడు రాత్రులు ఎవరు లేపారు?" అంది. "డాక్టర్ని తిట్టాను, ల్యాబువాణ్ణి తిట్టాను, నిన్ను తిట్టాను. మా అబ్బా వీధి చివరే నిలబడేవాడక్కా. డ్రైవరు నిద్రపోతున్నాడా లేదా అని గుమ్మంలోకి వెళ్లి చూసేవాడు కాదు."

మెమోకు సమాధానం రాసింది. పుస్తకం జతచేసింది కూడా. కానీ పైన ఒక కాగితం అంటించి, 'ఇందులో మెలకువ అని రాసిన ప్రతిచోటా లేపింది నేనే. గంటగంటకీ మనం చేసేదీ ఇదే' అని రాసింది. మాణిక్యం గారు చదివి, తల ఊపి, పుస్తకం బల్లమీద పెట్టుకున్నారు. నెల తర్వాత చూస్తే దానిమీద టీ గ్లాసు మరకలు ఉన్నాయి. సాజిదాకు ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. తెల్లవారుజామున ఒళ్లు తుడవడం నేను రిటైరయ్యేదాకా నాలుగింటికే జరిగింది, మా షిఫ్టులో తప్ప.

సమాధానం ఇచ్చిన రోజునే సాజిదా టార్చి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ లాకర్లో పెట్టి తాళం వెయ్యి. నేను అడిగినా ఇవ్వకు." నాలుగో మంచానికి అప్పటికే కొత్త పేషెంటు వచ్చాడు, వెంటిలేటరు మీద. ఆ వారంలో ఆమె మూడుసార్లు వచ్చి, "అక్కా, ఒక్కసారి ఇవ్వవా? చూసి ఇచ్చేస్తా," అని అడిగింది. నేను ఇవ్వలేదు. నాలుగోసారి నా దాకా వచ్చి, నోరు తెరిచి, ఏమీ అడగకుండా తిరిగి వెళ్లి ఆ పరదాకు ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుంది.